పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నం, కారు ముందే తీసుకోవాలె: ఏడు సీట్లదా, ఐదు సీట్లదా?

నల్లగొండ_కొత్తకాపురం:

అన్నలకు, అక్కలకు నమస్తే. ఇద్దరం నల్లగొండలోనే ఉద్యోగం. ఏడాది, ఏడాదిన్నరలో బిడ్డ పుడ్తదని అనుకుంటున్నం. ఇప్పుడు బండి మీదనే తిరుగుతున్నం, అందుకే కారు ముందే తీసుకుందామని. బడ్జెట్ ఆన్‌రోడ్ 12 లక్షల లోపు. ఏడు సీట్లల్ల ఎర్టిగా, ట్రైబర్, ఐదు సీట్లల్ల నెక్సాన్, డిజైర్ చూస్తున్నం.

వాడకం ఇట్ల ఉంటది: రోజూ ఆఫీసుకు పోను రాను 6 కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు హైదరాబాద్. అమ్మానాన్న దేవరకొండ అవతల ఊర్లె, నా భార్య తల్లిగారిల్లు మహబూబ్‌నగర్. నాన్న "ఏడు సీట్లదే తీసుకో, అందరం పోవచ్చు" అంటున్నడు. సేల్స్‌మన్ సన్‌రూఫ్ ఉన్న మోడల్ అంటగట్టాలని చూస్తున్నడు. పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీలో ఏది? చైల్డ్ సీటు మన దగ్గర నిజంగ అవసరమా, ఊకె పెట్టే ఖర్చా?

కొలత_టేపు:

తమ్ముడూ, ముందుగాల చివరి ప్రశ్న తేల్చుకో, కారు ఎంపిక దాని మీదనే ఆధారపడ్తది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గుద్దుకొని 60 సెంటీమీటర్ల దూరంలో ఆగిందనుకో. లోపలున్న ప్రతి వస్తువు మీద దాని బరువుకు 16 రెట్ల బలం పడ్తది. 7 కిలోల బిడ్డ ఆ క్షణంలో 110 కిలోలకు పైన తూగుతది. ఒళ్ళో పెట్టుకున్న తల్లి చేతులు ఎంత గట్టియైనా ఆపలేవు, పైగా ఆమె బరువు కూడ బిడ్డ మీదనే వచ్చి పడ్తది. ఇది 50 వేగం లెక్కనే. విజయవాడ హైవే మీద అంత మెల్లగ ఎవరు పోతరు? చట్టం కూడ ఉంది. మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలను బెల్టుతోనో చైల్డ్ సీటుతోనో కట్టకుండ తీస్కపోతే 1,000 రూపాయల జరిమానా. మన దగ్గర ఎవరూ ఆపి అడగరన్నది వేరే సంగతి.

అంటే నువ్వు కొనేది ఒక కారు, ఒక చైల్డ్ సీటు. రెండూ ఒకదాంట్ల ఒకటి పట్టాలె. షోరూములల్ల అందరూ డ్యాష్‌బోర్డు, స్క్రీన్ చూస్తరు, వెనక సీటు చూసేటోళ్ళు తక్కువ. నువ్వు టేపు పట్టుకొని వెనక కూసో.

మొదటిది, ఐసోఫిక్స్, అంటే చైల్డ్ సీటును నేరుగ కారుకే తగిలించే ఏర్పాటు. వెనక సీటు కింది భాగం, వీపు భాగం కలిసే సందులో వేళ్ళు పెడితే ఇనుప కొక్కేలు తగుల్తయి. రెంటి మధ్య దూరం 28 సెంటీమీటర్లు. కొన్ని కార్లల్ల అవి మెత్త లోపల ఎంత లోతుకుంటయంటే సీటు నాలుకలు అందక క్లిక్ అన్న శబ్దమే రాదు. శబ్దం రావాలె, గుర్తు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారాలె, రెండు వైపులా. ఆ తర్వాత టాప్ టెథర్, అంటే సీటు పైనుంచి వెనక్కి లాగి కట్టే మూడో పట్టీ. డిజైర్ లాంటి సెడాన్‌లో అది వెనక అద్దం కింద పలక మీద ప్లాస్టిక్ మూత కింద ఉంటది. డిక్కీ, క్యాబిన్ కలిసుండే కార్లల్ల సీటు వీపు వెనకనో, డిక్కీ నేల మీదనో. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడనే: సామాను కట్టే కొక్కేనికి టెథర్ తగిలిస్తరు. అది సంచులు పట్టుకోడానికి పెట్టింది, గుద్దుకున్నప్పటి బరువు ఆపేది కాదు. లంగరు బొమ్మ ఉన్నదాన్నే పట్టుకో.

రెండోది, పొడవు. పసిబిడ్డ సీటు ఎదురు దిక్కుకు, అంటే బిడ్డ మొఖం డిక్కీ వైపు ఉండేటట్టు పెట్టాలె. యూరప్‌లో చైల్డ్ సీట్ల ఆర్129 నిబంధన 15 నెలలు నిండేదాక అట్లనే ఉండాలంటది. సీటులో పట్టినన్ని రోజులు, మూడు నాలుగేళ్ళ దాక అట్లనే ఉంచితే ఇంక మంచిది. పసిపిల్లలకు తల పెద్దది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. ఎదురుగ గుద్దుకుంటే తల ముందుకు గుంజుకపోతది. వెనకకు తిరిగి ఉంటే ఆ బలం వీపు మొత్తం మీద పంచుకుంటది. అయితే ఎదురు దిక్కు సీటుకు సుమారు 65–75 సెంటీమీటర్ల జాగ కావాలె, నువ్వు కొనే సీటు డబ్బా మీద కచ్చితమైన కొలత ఉంటది. డ్రైవర్ సీటు నీకు తగ్గట్టు జరుపుకో, పక్క సీట్ల మీ ఇంట్ల అందరికన్నా పొడగరిని కూసోబెట్టు, అప్పుడు దాని వెనక జాగ కొలువు. చిన్న కార్లల్ల ముందు కూసున్నోళ్ళ మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు తగిలితే గాని బిడ్డ సీటు పట్టదు. ఇది బుక్ చేసినంక తెలిస్తే లాభం లేదు.

మూడోది, వెడల్పు. నాలుగు మీటర్ల లోపు కార్లల్ల వెనక సీటు భుజాల దగ్గర సుమారు 130–135 సెంటీమీటర్లు. బిడ్డ సీటు 44 పోతే మిగిలేది 90 అటూ ఇటూ. అండ్ల బాలింత, పక్కన నానమ్మ. ఇద్దరికీ తలా 45 వచ్చుడే కష్టం. దానికి తోడు చైల్డ్ సీటు అంచు పక్కనున్న బెల్టు బకిల్ మీదికి వస్తది, నడుమ కూసున్నోళ్ళు బెల్టు పెట్టుకోలేరు. షోరూములనే చైల్డ్ సీటు పెట్టి, పక్కన ఇద్దరిని కూసోబెట్టి, బెల్టులు పెట్టి చూడు. నడుమ సీటుకు హెడ్‌రెస్ట్, మూడు మొనల బెల్టు ఉన్నయా, పొట్ట మీది పట్టీ ఒక్కటేనా అన్నది కూడ.

స్టార్ రేటింగ్ గురించి ఒక్క మాట. కార్లను గుద్దించి భద్రత చూసే భారత్ ఎన్‌క్యాప్‌లో పిల్లల భద్రతకు వేరే 49 మార్కులు: గుద్దించే పరీక్షకు 24, సీట్లు సరిగ పడ్తయా అన్నదానికి 12, కారులో ఉన్న సౌలత్‌లకు 13. ప్రకటనల్ల పెద్దల స్టార్లే పెద్దగ వేస్తరు, నువ్వు పిల్లల మార్కులు అడుగు. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2023ల పరీక్షించిన వ్యాగన్ ఆర్‌కు పెద్దలకు ఒక స్టార్ వచ్చింది, పిల్లలకు సున్నా. నీ లిస్టుల నెక్సాన్, కొత్త డిజైర్ రెండూ భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లయే.

నాకైతే నీ వాడకానికి ఈ రెండిట్ల ఒకటి చాలు. పొడవు, వెడల్పు కొలిచి, ఏదాంట్ల చైల్డ్ సీటు పక్కన ఇద్దరు సరిగ పడ్తరో అదే తీసుకో.

పాలమూరు_గేర్:

కొలత అన్న చెప్పిందంత కరెక్టే గని, ఏడు సీట్ల సంగతి అట్ల ఒక్క మాటతోని కొట్టేయొద్దు. దేవరకొండ నుంచి అమ్మానాన్న, ఇటు మహబూబ్‌నగర్ అత్తమామ, ఇద్దరు మీరు, బిడ్డ. ఒక్క కారుల పోవాలంటే ఏడు సీట్లే కావాలె. ప్రశ్న అది ఏడాదికి ఎన్నిసార్లు అన్నదే. నాలుగైదుసార్లయితే ఆ రోజు కిరాయి కారు మాట్లాడుకునుడే చవక.

ఏడు సీట్లల్ల ఉండే అసలు చిక్కు ఇది. మూడో వరుస లేపితే ట్రైబర్ డిక్కీ 84 లీటర్లు, ఎర్టిగా 209. డిజైర్, నెక్సాన్ పెట్రోల్‌వి 382. 84 లీటర్లంటే రెండు బ్యాగులు, అంతే. పిల్లల తోపుడు బండి, డైపర్ల మూట, వేడినీళ్ళ ఫ్లాస్క్, మడత ఊయల ఏడ పెడ్తవ్? మూడో వరుస మడిస్తే మళ్ళ అది ఐదు సీట్లదే. ట్రైబర్ది మాత్రం వెనక సీట్లు పూర్తిగ తీసి ఇంట్ల పెట్టుకోవచ్చు, అప్పుడు 625 లీటర్లొస్తది. పొడవు కూడ నాలుగు మీటర్ల లోపే. తక్కువ పైసలల్ల కుటుంబమంత కూసోవాలంటే అది మంచి ఉపాయం. గని దాని ఇంజిను ఒక లీటరు, మూడు సిలిండర్లు, టర్బో లేదు. ఏడుగురిని ఎక్కించి ఏసీ వేసి శ్రీశైలం ఘాటు ఎక్కిస్తే గేర్లు మార్చుడే పని.

ఇంకోటి ఎవరూ చెప్పరు. మూడో వరుసకు పోవాలంటే రెండో వరుస సీటు జరపాలె, మడవాలె. అండ్ల చైల్డ్ సీటు బిగించి ఉంటే అది జరగదు. అందుకని బిడ్డ సీటు డ్రైవర్ వెనక పెట్టి, ఎడమ వైపు తలుపును మూడో వరుసకు వదలాలె. అప్పుడు బిడ్డను రోడ్డు వైపు నుంచి దింపాల్సొస్తది, పక్క నుంచి లారీలు పోతుంటయి. ఐదు సీట్ల కారైతే ఎడమ వైపు, మట్టి బాట వైపే పెట్టుకోవచ్చు. ఏది ముఖ్యమో నువ్వే చూస్కో.

ఇంధనం. రోజుకు 6 కిలోమీటర్లకు డీజిల్ వద్దు. బీఎస్6 (ఇప్పటి కాలుష్య నిబంధన) డీజిల్ల పొగగొట్టంల డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటది. మసి అండ్ల పేరుకుంటది, ఇంజిను బాగ వేడెక్కి హైవే మీద ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఒకే తీరుగ నడిస్తెనే అది కాలిపోతది. ఇంటి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి ఇల్లు తిరిగితే కాలదు, లైటు వెలుగుతది, ఇంజిను పవర్ తగ్గిస్తది, షోరూముకు ఉరకాలె. సీఎన్‌జీ కర్చు తక్కువే, గని డిజైర్ సీఎన్‌జీల సిలిండర్ డిక్కీనంత తింటది. నెక్సాన్ సీఎన్‌జీల రెండు చిన్న సిలిండర్లు కింద పరిచి పెట్టిన్రు, అందుకే 321 లీటర్ల జాగ మిగిలింది. సీఎన్‌జీ కావాలంటే ఆ తీరు చూడు. మీ ఇంటి దగ్గర బంకుల పొద్దుగాల లైను ఎంత ఉంటదో ఒక రోజు పోయి చూసినంకనే నిర్ణయించుకో. ఏడుస్తున్న బిడ్డను ఏసుకొని గ్యాస్ లైన్ల నిలబడుడు మామూలు కష్టం కాదు.

మన ఊర్ల రోడ్ల సంగతి కూడ. కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు. బండ్లు తొక్కితే గింజలు రాల్తయని ఉలువ కట్టె, కందికట్టె కూడ పరుస్తరు. ఆ కట్టె చక్రాల ఇరుసుకు చుట్టుకొని పొగగొట్టం దగ్గర ఇరుక్కుంటే వేడికి అంటుకుంటది. దాని మీదికెళ్ళి పోవాల్సొస్తే కొంచెం దూరం పోయినంక ఆగి, వంగి కింద చూడు. ఇందుకే నేల నుంచి ఎత్తున్న కారు మనకు నయం. డిజైర్‌కు ఊర్ల స్పీడ్ బ్రేకర్లే చాలు, నలుగురు కూసుంటే కింద గీక్కుంటది.

అచ్చంపేట_అక్క:

మీరందరు బిడ్డ పుట్టినంక సంగతే మాట్లాడుతున్నరు. ముందు తొమ్మిది నెలలున్నయి కద.

గర్భిణి సీటు బెల్టు తీసేయొద్దు. కింది పట్టీ పొట్ట మీద కాకుండ, పొట్ట కిందికెళ్ళి తొడలు నడుముకు కలిసే ఎముకల మీద ఉండాలె. పై పట్టీ రొమ్ముల మధ్యలకెళ్ళి పొట్ట పక్కకు పోవాలె. ఆమే నడిపితే స్టీరింగ్‌కు, ఛాతికి మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉంచాలె. స్టీరింగ్ ముందుకు వెనకకు జరిగే సౌలత్ ఉన్న కారు ఇందుకు పనికొస్తది. అది చాన మోడళ్ళల్ల పై వేరియంట్‌లనే ఇస్తరు, అడిగి చూడు.

ఎక్కి దిగే ఎత్తు. ఆపరేషన్ కాన్పు అయినంక కుట్లు మానేదాక కిందికి కూలబడే సీటు నరకం. మరీ ఎత్తున్నా కాలెత్తి ఎక్కాలె. నిలబడి తిరిగితే పిర్రలు నేరుగ సీటు మీద ఆనాలె, అదే సరైన ఎత్తు. మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మకు కూడ అదే కొలత. ఆమెను కూడ షోరూముకు తీస్కపో, సిగ్గు పడొద్దు.

మే నెలల మన దగ్గర ఎండ 43, 44 దాటుతది. నల్ల లెదరెట్ సీట్లు, నల్ల బకిళ్ళు కాలిపోతయి. చైల్డ్ సీటు బకిల్ ఇనుప నాలుక లేత తొడకు తాకితే బొబ్బే. ఎండల ఆపితే సీటు మీద తెల్ల బట్ట కప్పి పో, వచ్చినంక ముందు నీ చెయ్యి పెట్టి చూడు. గుడ్డ సీట్లు, లేత రంగు అయితే మేలు, మరకలు కడుక్కోవచ్చు. సన్‌రూఫ్ పైసలు దాచి వెనక ఏసీ ఉన్న వేరియంట్ తీసుకో. అండ్ల గూడ ఒక తేడా ఉన్నది: రెండు ముందు సీట్ల నడుమ కింద ఉండే ఏసీ గాలి, ఎదురు దిక్కు సీటు వీపుకు తగిలి ఆగిపోతది, బిడ్డ దాక పోదు. ఎర్టిగా లెక్క పైకప్పుల ఉంటే నేరుగ తగుల్తది. కింద ఉన్న కార్లల్ల గాలిని పైకి తిప్పి, ముందు ఏసీ గాలి కూడ నడుమకెళ్ళి వెనకకు వదలాలె. రెండు నిమిషాలైనా సరే, బిడ్డను బంద్ కారుల వదిలి దుకాణంలకు పోవద్దు.

నల్లగొండ_కొత్తకాపురం:

ఇంత వివరంగ చెప్తరనుకోలే, అందరికీ థాంక్స్. నాన్నకు 84 లీటర్ల లెక్క చూపిస్త. ఇంక రెండు డౌట్లు. మా నానమ్మ "దవాఖాన నుంచి బిడ్డను ఒళ్ళో పెట్టుకొనే తేవాలె, బుట్టల పెట్టి కట్టేస్తరా" అంటది, పక్కా. ముందు సీటుల పెట్టుకోవచ్చా, కంటి ముందు ఉంటది కద? పైసల లెక్క కూడ ఎవరన్నా చెప్పున్రి, 12 లక్షలల్ల పై వేరియంట్ వస్తదా?

కొలత_టేపు:

ముందు సీట్ల ఎదురు దిక్కు సీటు పెట్టనే పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కన్ను మూసి తెరిచేలోపు. అది నేరుగ బిడ్డ తల వెనకున్న సీటు వీపును గుద్దుతది, అది ప్రాణం తీసే దెబ్బ. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ బంద్ చేసే తాళం కొన్ని కార్లల్లనే ఉంటది, ఎక్కువ వాటిల ఉండదు. వెనకనే పెట్టు, పక్కన నానమ్మను కూసోబెట్టు. "నీ చెయ్యి పట్టుకునే ఉంటది, నువ్వే చూస్కోవాలె" అను, ఒప్పుకుంటది.

సీటు కొన్నంక బిగించుడు నేర్చుకో, కాన్పుకు నెల ముందే. బిగించినంక పట్టీ పోయే చోట పట్టుకొని అటూ ఇటూ గుంజితే రెండున్నర సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కదలొద్దు. ఎదురు దిక్కుల భుజం పట్టీలు బిడ్డ భుజానికి సరిగ్గ ఆ ఎత్తులనో, కొంచెం కిందనో ఉన్న రంధ్రంలకెళ్ళి రావాలె. ముందుకు తిప్పినంక భుజానికి సమానంగనో, పైననో. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడు, మడత వేళ్ళకు దొరికితే వదులుగ ఉన్నట్టు. దుప్పటిల చుట్టి పట్టీలు బిగించొద్దు, గుద్దుకుంటే దుప్పటి అణిగిపోయి పట్టీ వదులైతది. ముందు పట్టీలు, పైనుంచి దుప్పటి. పుట్టిన బిడ్డకు వాలు సుమారు 45 డిగ్రీలుండాలె, లేకపోతే తల ముందుకు వాలి గడ్డం ఛాతికి ఆని ఊపిరాడదు. చాన సీట్ల పక్కన వాలు గుర్తు గీత ఉంటది. హైదరాబాద్ పోయేటప్పుడు మధ్యల ఆపి బిడ్డను సీట్లకెళ్ళి తీసి కాసేపు పండబెట్టు, మొదటి నెలల్ల ఒకటే పోతగ రెండు గంటలు దాటొద్దు.

సెకండ్ హ్యాండ్ సీటు ఇస్తమని చుట్టాలంటే, అది యాక్సిడెంట్ కార్ల ఉన్నదా అని అడుగు. అడుగు భాగంల గడువు తేదీ చూడు. రెంటికీ జవాబు లేకపోతే వద్దు.

సూర్యాపేట_లెక్కలు:

డబ్బు విషయం నేను చెప్తాను. ఎక్స్‌షోరూమ్ ధర 10 లక్షల గీత దాటకుండా చూసుకోండి. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం. 10 దాటితే శ్లాబు మారి, పెరిగిన శాతం మొత్తం ధర మీద పడుతుంది. 9.80 లక్షల కారుకు 1.37 లక్షల ట్యాక్స్. ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కలిపితే 11.70 అటూ ఇటూ అవుతుంది. అంటే మీ బడ్జెట్‌కు ఎక్స్‌షోరూమ్ 9.80 లక్షలే హద్దు. 10 లక్షలు దాటితే డీలర్ ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తాడు. అది మీ పాన్ కింద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు తిరిగి తీసుకోవచ్చు, కానీ ముందు కట్టాల్సిందే. మీ పేరు మీద ఇప్పటికే కారు ఉంటే రెండో దానికి 2 శాతం అదనం. ఇది మొదటిదే కాబట్టి ఆ బాధ లేదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకు జీఎస్టీ 18 శాతం. డిజైర్, ట్రైబర్, నెక్సాన్ పెట్రోల్ అందులోకి వస్తాయి. ఎర్టిగా పొడవు 4.4 మీటర్లు, ఇంజిను 1462 సీసీ, కాబట్టి 40 శాతం. ఏడు సీట్లకు మీరు కట్టేదాంట్లో పన్ను వాటా ఎంతో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఎలక్ట్రిక్ కారుకు 2026 డిసెంబర్ 31 వరకు తెలంగాణలో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఇంట్లో సొంత పార్కింగ్, చార్జర్ పెట్టుకునే వీలు ఉంటే రోజుకు 6 కిలోమీటర్ల వాడకానికి దాన్ని కూడా లెక్క వేసి చూడండి.

టోల్ సంగతి: ఫాస్టాగ్ ఏడాది పాస్ 2025లో మొదలైనప్పుడు 3,000 రూపాయలు, 200 ట్రిప్పులు. ఒక్కో ప్లాజా దాటడం ఒక ట్రిప్పు. నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోతే పంతంగి టోల్ ప్లాజా దగ్గర పోను ఒకటి, రాను ఒకటి. నెలకు రెండుసార్లంటే ఏడాదికి 48. మీకు పాస్ గిట్టుబాటు కావాలంటే మహబూబ్‌నగర్ ప్రయాణాలు కూడా కలిపి కూడండి. అద్దంకి వైపు పోయే నార్కట్‌పల్లి రోడ్డు రాష్ట్రానిది, అక్కడి టోల్‌కు ఈ పాస్ పనిచేయదు.

సేల్స్‌మన్ కోట్‌లో "యాక్సెసరీస్ ప్యాక్" అని ఒక వరుస ఉంటుంది. అది తప్పనిసరి కాదు, తీసేయమనండి. ఆ డబ్బు చైల్డ్ సీటుకు పెట్టండి. ఇన్సూరెన్స్ బయట కూడా కోట్ తీసుకుని, అదే కవరేజీకి డీలర్ ఎంత చెప్తున్నాడో పోల్చండి. బుకింగ్ డబ్బు కట్టే ముందు చైల్డ్ సీటు అమ్మే దుకాణాన్ని అడిగి ఒక సీటు గంటసేపు డిపాజిట్ మీద తెచ్చుకుని, మీరు చూస్తున్న కారులోనే బిగించి చూడండి. డెమో కారులో బిగించనివ్వని షోరూమ్ అయితే వేరే షోరూమ్‌కు వెళ్ళండి.